రూటు లెక్క నేర్చుకుందాం – 4వ పాఠం: హీత్రో నుంచి రెండు దారులు, రెండు రకాల విమానాలు

పోయిన పాఠంలో సీటు-కిలోమీటర్లు (సీట్లని దూరంతో గుణిస్తే వచ్చేది) అంటే ఏంటో, లోడ్ ఫ్యాక్టర్ (సీట్లలో ఎంత శాతం నిండాయో) ఎలా కట్టాలో చూశాం. అది రాకపోతే ఇది ఎక్కదు, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అది చదివి రండి. ఈ పాఠం అయ్యేసరికి మీరు ఒక పని చేయగలగాలి: ఏదైనా రద్దీ రూటు మీద ఒక ఎయిర్‌లైన్ ఫలానా విమానమే ఎందుకు తిప్పుతోందో, షెడ్యూలు, సీట్ మ్యాప్ ముందేసుకుని, ఎవర్నీ అడక్కుండా చెప్పగలగాలి. కావాల్సింది ఎయిర్‌లైన్ బుకింగ్ పేజీ, ఒక కాలిక్యులేటర్, కాస్త ఓపిక.

కేసు లండన్ హీత్రో. అక్కడి నుంచి పడమరకి న్యూయార్క్ జేఎఫ్‌కే దాదాపు 5,540 కిలోమీటర్లు, తూర్పుకి దుబాయ్ దాదాపు 5,500. దూరం ఇంచుమించు ఒకటే, రెండూ జనం కిటకిటలాడే రూట్లే. న్యూయార్క్ రూటు మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2018 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు ఒక్క ఏడాదిలో వంద కోట్ల డాలర్లకి పైగా టికెట్ల ఆదాయం తీసిందని విమానాల డేటా చూసే ఓఏజీ అనే సంస్థ లెక్కగట్టింది. దుబాయ్ రూటు మీద ఎమిరేట్స్ రోజుకి ఆరు ఏ380లు (ఎయిర్‌బస్ వాళ్ళ రెండంతస్తుల విమానం, ప్రయాణికుల విమానాల్లో అన్నిటికన్నా పెద్దది) దింపుతోంది. ఇక్కడే అసలు ప్రశ్న. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దగ్గర కూడా 12 ఏ380లు ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌కి, జొహన్నెస్‌బర్గ్‌కి పంపుతుంది గానీ, అన్నిటికన్నా ఎక్కువ డబ్బొచ్చే జేఎఫ్‌కేకి మాత్రం రెగ్యులర్‌గా పంపదు. "జనం ఎక్కువుంటే పెద్ద విమానం" అన్న సూత్రం నిజమైతే ఇలా ఉండకూడదు కదా?

సరే, లెక్కలోకి దిగుదాం.

ముందు ఫ్లైట్లు లెక్కపెట్టండి. ఒక్క రోజు చూసి ఏడుతో గుణించొద్దు, శనివారం షెడ్యూలు వేరుగా ఉంటుంది, ఆదివారం సాయంత్రం ఇంకోలా ఉంటుంది. వారం మొత్తం తీసి ఒక్కోటీ రాసుకోండి. ఇక్కడ కొత్తవాళ్ళందరూ పడే గుంత ఒకటుంది, కోడ్‌షేర్. హీత్రో–జేఎఫ్‌కే మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2010 నుంచి కలిసి వ్యాపారం చేస్తున్నాయి, అలాగే వర్జిన్ అట్లాంటిక్, డెల్టా ఇంకో జట్టు. ఒకే విమానం రెండు మూడు ఫ్లైట్ నంబర్లతో లిస్టులో కనిపిస్తుంది. అన్నీ కూడేస్తే రూటు మీద ఉన్నదానికి రెట్టింపు సీట్లు తేలతాయి! నంబర్ కింద చిన్న అక్షరాల్లో ఆ ఫ్లైట్ నడిపేది ఎవరో ఉంటుంది, అది ఒక్కటే లెక్కలోకి రావాలి. బయల్దేరే టైము నిమిషంతో సహా ఒకటే ఉంటే అది ఒకే విమానం అనుకోవచ్చు.

తర్వాత సీట్లు. "ఏ380 అంటే ఎన్ని సీట్లు?" అని అడిగితే జవాబు ఉండదు, ఎవరి ఏ380, ఏ రకం అని అడగాలి. ఒక్క ఎమిరేట్స్‌లోనే మూడు క్లాసులదైతే 517 (ఫస్ట్ 14, బిజినెస్ 76, ఎకానమీ 427), ఫస్ట్ క్లాస్ తీసేసినదైతే 615, ప్రీమియం ఎకానమీ పెట్టిన నాలుగు క్లాసులదైతే 484 (14, 76, ప్రీమియం ఎకానమీ 56, ఎకానమీ 338). బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏ380లో 469. ఏ రకం వస్తోందో తెలుసుకోవడానికి సీట్ మ్యాప్ తెరవండి. కింది అంతస్తులో ముందు భాగం చూడండి: అక్కడ 2-4-2 వరసలు, మధ్యలో ఖాళీ ఎక్కువగా కనిపిస్తే అవి ఆ 56 ప్రీమియం ఎకానమీ సీట్లు, అంటే అది 484 విమానం. ముందు నుంచే 3-4-3 మొదలైతే పాత రకం. పై అంతస్తులో మొదట ఫస్ట్ క్లాస్ గదులు, వాటి ముందు రెండు షవర్లు, వెనకాల 1-2-1 బిజినెస్, చివర్లో బార్. అన్నట్టు ఆ షవర్లు, బార్ ఉన్న చోట సీట్లు వేస్తే ఇంకెంతమంది పడతారో చూసుకోండి, సీటు లెక్క అంటే అలాంటి నిర్ణయాలన్నీ కలిపే.

ఇంకో జత చూడండి, నాకు ఇది చాలా ఇష్టమైన ఉదాహరణ. బోయింగ్ 777-300ఈఆర్. అదే రెక్కలు, అదే ఇంజిన్లు, అదే పొడుగు. ఎమిరేట్స్ మూడు క్లాసుల రకంలో 354 సీట్లు వేసింది, వాటిలో ఫస్ట్, బిజినెస్ కలిపి 50. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన కొత్త బిజినెస్ క్లాస్ పెట్టాక దాదాపు 255కి దింపింది, అందులో ఫస్ట్ 8, బిజినెస్ 76. అంటే అక్కడ ఏడు సీట్లలో ఒకటి ఖరీదైన సీటు, ఇక్కడ మూడింట్లో ఒకటి. విమానం పేరు ఒకటే అయినా ఇవి రెండు వేరు వేరు వ్యాపారాలు. అందుకే విమానం పేరు చూసి కెపాసిటీ రాసేవాళ్ళని నమ్మకండి.

ఇప్పుడు గుణించండి. ఎమిరేట్స్: రోజుకి ఆరు, వారానికి 42, అన్నీ 484 అనుకుంటే ఒక వైపుకి 20,328 సీట్లు. అన్నీ 517 అయితే 21,714. విమానం, టైము ఏవీ మారకుండా లోపల సీట్ల అమరిక మారితేనే వారానికి 1,386 సీట్ల తేడా. ఒక్క 484 విమానం ఒక ట్రిప్పుకి 26.62 లక్షల సీటు-కిలోమీటర్లు పుట్టిస్తుంది, ఇది మీరే సరిచూసుకోండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి ఉదాహరణ కోసం రోజుకి ఎనిమిది, అన్నీ 255 సీట్ల 777లు అనుకుందాం (నిజంగా అయితే రోజుని బట్టి రకాలు మారుతుంటాయి): వారానికి 56, మొత్తం 14,280 సీట్లు.

అక్కడి నుంచి అసలు పాఠం మొదలవుతుంది. ఈ లెక్కని తలకిందులు చేసి చూడాలి, ఎప్పుడూ. "ఇన్నే సీట్లు వేరే విమానంతో అందించాలంటే ఏం కావాలి?" అని అడగండి.

ఎమిరేట్స్ తన 20,328 సీట్లని 354 సీట్ల 777లతో అందించాలంటే వారానికి 58 ఫ్లైట్లు కావాలి. రోజుకి ఎనిమిది వేసినా 56కే ఆగుతాయి, అంటే ఇప్పుడున్న ఆరుకి తోడు కనీసం రెండు ఎక్కువ, వారంలో రెండు రోజులు మూడు. ఆ రెండు ఎక్కడి నుంచి వస్తాయి? హీత్రోకి రెండే రన్‌వేలు, ఏడాదికి 4,80,000 రాకపోకలకి మించి అనుమతి లేదు, ఆ కోటా కరోనాకి ముందే దాదాపు నిండిపోయి ఉంది. ఫలానా టైముకి రన్‌వే వాడుకునే హక్కునే స్లాట్ అంటారు. దిగడానికొకటి, లేవడానికొకటి, ఆ జత స్లాట్లు దొరకాలంటే ఎవరో ఒకరు అమ్మాలి. 2016లో ఒమాన్ ఎయిర్ ఒక్క జతకి 7.5 కోట్ల డాలర్లు పెట్టిందని వార్తలొచ్చాయి. పైగా కొన్నాక ఊరికే పెట్టుకోవడానికి లేదు, సీజన్‌లో 80 శాతం వాడకపోతే మామూలు రోజుల్లో అది చేజారిపోతుంది. ఇంత ఖరీదైన స్లాట్ మీద ఎమిరేట్స్ తనకి దొరికిన అతి పెద్ద విమానాన్ని వేస్తుంది. ఆ విమానం నింపడానికి లండన్, దుబాయ్ జనమే అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి, కొలంబో నుంచి, సిడ్నీ నుంచి వచ్చిన కనెక్టింగ్ ఫ్లైట్లన్నీ దుబాయ్‌లో దించిన జనం అందులోకే ఎక్కుతారు. ఎయిర్‌లైన్స్ చేతికి 251 ఏ380లు వస్తే 123 ఎమిరేట్సే కొనుక్కుంది, 2021 డిసెంబర్‌లో ఆఖరిది కూడా తనే తీసుకుంది. మిగతా ప్రపంచం ఎందుకు వద్దనుకుందో అర్థం కావాలంటే న్యూయార్క్ వైపు చూడాలి.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన 14,280 సీట్లని 469 సీట్ల ఏ380లతో అందిస్తే వారానికి 31 ఫ్లైట్లు చాలు. రోజుకి ఎనిమిదికి బదులు నాలుగు, అయిదు. అన్నేసి స్లాట్లు మిగులుతాయి, ఇంకో ఊరికి వాడుకోవచ్చు. చేయదు! హీత్రో స్లాట్లలో సగం దాకా తన, తన గ్రూపులోని అక్కచెల్లెళ్ళ లాంటి కంపెనీల చేతిలోనే ఉన్నాయి కాబట్టి స్లాటు కొరత దాన్ని ఎమిరేట్స్‌ని నొక్కినట్టు నొక్కదు. దానికి కొరతగా ఉన్నది ఇంకోటి: బిజినెస్ క్లాస్‌లో కూర్చునే ఆ 76 మంది. మీటింగ్ నాలుగింటికి అయిపోతే ఆరింటి ఫ్లైట్ కావాలి, మీటింగ్ సాగితే ఎనిమిదింటిది కావాలి వాళ్ళకి. విజయవాడకి అరగంటకో బస్సు ఉన్న డిపోకీ, పొద్దునొకటి రాత్రొకటి ఉన్న డిపోకీ తేడా మీకు చెప్పక్కర్లేదు, రెండో డిపోలో బస్సు ఎంత పెద్దదైనా సరే. తన ఫ్లైట్ల మధ్య ఖాళీ పెరిగితే ఆ ఖాళీలో వర్జిన్‌దో డెల్టాదో ఉంటుంది, ఎక్కువ రేటు ఇచ్చే మనిషి అటు పోతాడు. ఈ ఆలోచన ఎంతదూరం పోయిందంటే 2009 నుంచి 2020 దాకా లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్ నుంచి జేఎఫ్‌కేకి ఒక చిన్న ఏ318 నడిపింది, మొత్తం 32 సీట్లు, అన్నీ బిజినెస్సే. ఇటు 2021లో జెట్‌బ్లూ అనే అమెరికన్ కంపెనీ 138 సీట్ల ఏ321ఎల్ఆర్‌తో జేఎఫ్‌కే నుంచి హీత్రోకి వచ్చింది. స్లాటు ఖరీదు దృష్టితో చూస్తే దండగ అనిపిస్తుంది, కానీ 138 సీట్లు నింపడానికి కొత్తగా వచ్చినవాడికి టెన్షన్ తక్కువ.

నింపడం గురించి చిన్న లెక్క, ఇవి నేను వేసుకున్న అంకెలు, ఎవరివీ కాదు. 354 సీట్ల 777 ఒక ట్రిప్పుకి ఖర్చు 100 అనుకోండి, 484 సీట్ల ఏ380కి, నాలుగు ఇంజిన్లు కాబట్టి, 130 అనుకోండి. సీటుకి చూస్తే పెద్దదే చవక: 0.269, చిన్నది 0.282. కానీ ఖర్చు పంచుకునేది ఎక్కినవాళ్ళే. 777 ఎనభై శాతం నిండితే 283 మంది. తలసరి అంతే ఖర్చు రావాలంటే ఏ380లో 368 మంది ఉండాలి. గమనించారా, 777లో అసలు ఉన్న సీట్లకన్నా అది ఎక్కువ. ఆ అదనపు జనం ఏడాది పొడుగునా, ఫిబ్రవరి మంగళవారం కూడా, దొరుకుతారా అన్నదే ఏ380 జాతకం తేల్చింది. దీనికి తోడు కార్గో: 777-300ఈఆర్ కింద అరలో 44 చిన్న కంటైనర్లు పడతాయి, అంత పెద్ద ఏ380లో 38 మాత్రమే, అందులోనూ ఎక్కువమంది లగేజ్ ముందు పోవాలి. సరుకు మీద వచ్చే డబ్బు అక్కడ తగ్గిపోతుంది.

ఇప్పుడు మన వైపు. ఏ380లు హైదరాబాద్, ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో దిగడానికి కేంద్రం 2014 జనవరిలోనే ఒప్పుకుంది. అయినా హైదరాబాద్–దుబాయ్ రోజువారీ ఫ్లైట్లకి ఎమిరేట్స్ వాడుతూ వచ్చింది 777లే. హైదరాబాద్‌లో జనం లేకనా? అమెరికా వెళ్ళే మన పిల్లల తల్లిదండ్రులతోనే సగం విమానం నిండుతుందని ఆ ఫ్లైట్ ఎక్కిన ఎవరైనా చెప్తారు. విషయం ఏంటంటే భారత్–దుబాయ్ ఒప్పందంలో కోటా ఫ్లైట్లలో ఉండదు, సీట్లలో ఉంటుంది, వారానికి ఒక్కో వైపు ఎయిర్‌లైన్స్‌కి దాదాపు 66,000. రోజుకి మూడు 777లు అనుకుంటే హైదరాబాద్ ఆ కోటాలో వారానికి 7,434 సీట్లు తింటుంది. అవే మూడూ 484 ఏ380లైతే 10,164. ఆ పైన 2,730 సీట్లు ముంబై నుంచో కొచ్చి నుంచో కోసి తేవాలి. హీత్రోలో స్లాటుకి కొరత, అందుకే పెద్ద విమానం వేస్తే లాభం. ఇక్కడ సీటుకే కొరత, పెద్ద విమానం వేసినా కోటా పెరగదు, ఒక ఊరి వాటా ఇంకో ఊరికి పోతుందంతే. ఒకే కంపెనీ, ఒకే దుబాయ్, రెండు చివర్లలో రెండు వేరు జవాబులు.

కొరత రకం ఒక్కోసారి రాత్రికి రాత్రే మారుతుంది కూడా. 2022 జులైలో స్టాఫ్ సరిపోక హీత్రో రోజుకి లక్ష మందికి మించి బయల్దేరకూడదని పరిమితి పెట్టింది. అంటే కొన్నాళ్ళు స్లాట్లు ఉన్నా లాభం లేదు, తలలకి కొరత. హీత్రోకి అన్నీ ఏ380లే నడిపే ఎమిరేట్స్‌కి అది ఎక్కడ తగులుతుందో ఇప్పటి మీ లెక్కతో మీకే తెలుస్తుంది. ముందు ఒప్పుకునేది లేదని బహిరంగంగానే తిరగబడింది, మర్నాడు రాజీకొచ్చింది.

ఇంటిపని. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ380లో 471 సీట్లు (బిజినెస్ 78), 777-300ఈఆర్‌లో 264 (బిజినెస్ 48). సింగపూర్–హీత్రో దాదాపు 10,880 కిలోమీటర్లు. రోజుకి నాలుగు ఫ్లైట్లు, రెండు ఏ380, రెండు 777 అనుకోండి. వారం సీట్లు, సీటు-కిలోమీటర్లు కట్టండి. రోజూ వెళ్ళే ఏ380ల్లో ఒకటి వారం పాటు రిపేరుకి పోయి దాని బదులు 777 వస్తే మొత్తం సీట్లు ఎంత శాతం తగ్గుతాయి, బిజినెస్ సీట్లు ఎంత శాతం తగ్గుతాయి, విడివిడిగా రాయండి. రెండు శాతాలూ ఒకటే రావు. ఎందుకు రావో రెండు లైన్లలో రాసుకుని ఉంచండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను: దూరం రెట్టింపైతే ఒక్క రూటు నడపడానికి ఎన్ని విమానాలు కట్టిపడేయాలో.