వరకట్న మరణం కేసులో శిక్ష పడిన బంధువులకు అప్పీలు తేలేలోగా బెయిలు: కటక్ హైకోర్టులో అడిగే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో వరకట్న మరణం కేసులో భర్తతో పాటు అత్తమామలకో, ఆడబిడ్డకో శిక్ష పడినప్పుడు, బయట మిగిలినవారు మొదట అడిగే ప్రశ్న, శిక్ష వేసిన కోర్టులోనే బెయిలు రాదా అని. విచారణ జరిపిన కోర్టు సాధారణంగా అలా విడిచిపెట్టగలిగేది శిక్ష మూడేళ్లకు మించనప్పుడు, అదీ అంతవరకు బెయిలు మీద ఉన్నవారిని మాత్రమే. వరకట్న మరణానికి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం కనుక ఆ అవకాశం లేదు. అయితే ఆడబిడ్డకు వేధింపుల సెక్షన్ కింద మాత్రమే శిక్ష పడి ఉంటే అవకాశం ఉంటుంది. కాబట్టి ఎవరికి ఏ సెక్షన్ కింద ఎంత శిక్ష పడిందో ముందుగా విడివిడిగా రాసుకోవాలి.

సెషన్స్ కోర్టు తీర్పుపై అప్పీలు కటక్‌లోని ఒరిస్సా హైకోర్టుకు వెళుతుంది. గడువు 60 రోజులు. తీర్పు నకలు తయారు చేయడానికి కోర్టుకు పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. అప్పీలుతో పాటు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 430వ సెక్షన్ కింద, అంటే పాత చట్టంలోని 389వ సెక్షన్ స్థానంలో వచ్చిన దాని కింద, శిక్ష నిలుపుదలకు, అంటే అప్పీలు తేలేవరకు శిక్ష అమలు ఆపి బెయిలు ఇవ్వమని, దరఖాస్తు వేయాలి. జైలులో ఉన్నవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

అసలు శ్రమ దరఖాస్తులోని విషయం మీద పెట్టాలి. శిక్ష పడిన తరువాత నిర్దోషి అనే భావన వర్తించదు. 2020లో సుప్రీంకోర్టు ఒక వరకట్న మరణం కేసులో హైకోర్టు భర్తకు ఇచ్చిన బెయిలును రద్దు చేస్తూ, ఈ దశలో బెయిలుకు బలమైన కారణాలు కావాలని చెప్పింది. శిక్ష నిర్ణీత కాలానికి పడినప్పుడు నిలుపుదలను ఉదారంగా పరిశీలించాలని 1999లో అదే కోర్టు చెప్పిన మాట కూడా ఉంది. 7 లేదా 10 ఏళ్లు పడినవారికి అది ఉపయోగపడుతుంది. సాక్షుల వాంగ్మూలాలు ఒడియాలో ఉంటే, ఆ లిపి బాగా వచ్చినవారిని కూర్చోబెట్టి ప్రతి పుట చదివించుకుని, మీ మనిషి పేరు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. “అత్తింటివారందరూ కట్నం అడిగారు” అనే ఉమ్మడి మాట తప్ప ఫలానా రోజున ఫలానా వ్యక్తి ఫలానా వస్తువు అడిగినట్టు సాక్ష్యం లేకపోతే, వేధింపు మరణానికి కొద్దికాలం ముందు జరిగినట్టు రుజువు కాకపోతే, అవే ప్రధాన కారణాలు అవుతాయి. వేరు కాపురం ఉన్నట్టు చూపే పత్రం విచారణలోనే దాఖలై ఉంటే దానికి ఎక్కువ విలువ ఉంటుంది. వయసు, జబ్బు, ఇప్పటికే గడిపిన జైలు కాలం, విచారణలో బెయిలు షరతులు తప్పకపోవడం వంటివి ఆ తరువాతి స్థానంలో రావాలి. చనిపోయిన కోడలి నడవడిక మీద ఒక్క వాక్యం కూడా రాయనివ్వకండి. అది అన్యాయం, పైగా కోర్టు దానిని మెచ్చదు.

నేరానికి యావజ్జీవం వరకు శిక్ష ఉన్నందున, పడిన శిక్ష ఎంతైనా, అభ్యంతరాలను రాతపూర్వకంగా చెప్పే అవకాశం ప్రభుత్వ న్యాయవాదికి ఇవ్వాలి. అందుచేత మొదటి వాయిదాలోనే ఉత్తర్వు వస్తుందని ఆశించవద్దు. అమ్మాయి తల్లిదండ్రులు కూడా తమ మాట వినమని కోరవచ్చు. రాజీ కోసమని వారి ఇంటికి వెళ్లడం, పెద్దమనుషులను పంపడం ఒత్తిడిగానే పరిగణన పొందుతాయి, దుఃఖంలో ఉన్నవారిని మరింత బాధిస్తాయి.

ఉత్తర్వు వచ్చాక, అందులో చెప్పిన ప్రకారం జామీనుదారులతో పూచీకత్తు సమర్పిస్తేనే విడుదల జరుగుతుంది. జరిమానా సంగతి ఉత్తర్వులో ఉందో లేదో చూసుకోండి. నిలిచేది శిక్ష అమలు మాత్రమే, దోషి అన్న నిర్ణయం కాదు. ఆ నిర్ణయం నిలిచి ఉన్నంత కాలం ప్రభుత్వోద్యోగికి ఉద్యోగం పోయే ప్రమాదం ఉంటుంది. బెయిలు మీద గడిపిన రోజులు శిక్షలో జమ కావు కనుక, అప్పీలు కొట్టివేస్తే లొంగిపోయి మిగిలిన కాలమంతా అనుభవించవలసి ఉంటుంది.