బూజు పట్టిన గంజాయి మొక్కలో ‘బాగున్న భాగం’ ఉండదు: జర్మనీలో పెంచుకుంటున్న మనవాళ్లకు సెప్టెంబర్ జాగ్రత్తలు

పోయిన వారం హాంబర్గ్‌లో మాకు తెలిసిన తెలుగు కుర్రాడొకడు ఆసుపత్రిలో పడ్డాడు. బాల్కనీలో పెంచిన గంజాయి మొక్కల్లో ఒకదాని పై పూలగుత్తి కుళ్లింది. కుళ్లిన ముక్క వరకు కోసి పారేసి, మిగతాది బాగానే ఉందిలే అని ఎండబెట్టి తాగాడు. అసలే ఉబ్బసం మనిషి. రెండో రోజుకే ఛాతీ పట్టేసి, ఆయాసంతో మాట రాని పరిస్థితి. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ అందరికీ చెప్పాల్సిన సంగతి ఇది, ఎందుకంటే ఇదే పని చేసేవాళ్లను ఏటా చూస్తున్నాను.

చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తా. 2024 ఏప్రిల్ 1 నుంచి, జర్మనీలో కనీసం ఆరు నెలలుగా నివాసం ఉంటున్న, 18 ఏళ్లు నిండిన మనిషి ఇంట్లో మూడు మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఎండినది ఇంట్లో 50 గ్రాముల వరకు ఉంచుకోవచ్చు. 60 దాటితే నేరం. ఈ 50 అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మనవాళ్లు ఎక్కువగా పొట్టి ఆటోఫ్లవర్ రకాలే (పగటి వెలుగు తగ్గేదాకా ఆగకుండా వాటంతటవే పూతకొచ్చేవి) వేస్తున్నారు. బాల్కనీ గోడ దాటి కనిపించవు, విత్తు నుంచి కోత దాకా రెండున్నర మూడు నెలల్లో అయిపోతుంది. చల్లటి ఉత్తరాది వాతావరణానికి అది మంచి ఎంపికే. కానీ పొట్టి మొక్కకు కణుపుల మధ్య ఎడం తక్కువ, ఆకు మీద ఆకు, గుత్తి మీద గుత్తి. వాన పడి ఆగాక బయట గంటలో ఆరిపోతుంది, లోపల మాత్రం తడిబట్టలు ఉండచుట్టి పడేసినట్టు చెమ్మ అలాగే ఉండిపోతుంది. ఆగస్టు చివర్లో రాత్రుళ్లు చల్లబడి మంచు కురవడం మొదలయ్యేసరికి బోట్రైటిస్ అనే బూడిద రంగు బూజుకు కావాల్సినవన్నీ అక్కడే దొరుకుతాయి. పదిహేను ఇరవై డిగ్రీల చల్లదనం, కదలని గాలి, తడి. స్ట్రాబెర్రీలను, ద్రాక్షను కుళ్లబెట్టేది కూడా ఇదే.

అది మొదట ఎలా కనిపిస్తుందో చూడండి. లావుగా, ఆరోగ్యంగా ఉన్న గుత్తిలోంచి ఒకే ఒక్క చిన్నాకు ఎండి పసుపుపచ్చగా మారుతుంది. చుట్టూ అన్నీ పచ్చగానే ఉంటాయి. ఆ ఆకును రెండు వేళ్లతో మెల్లగా లాగండి. పట్టు లేకుండా ఊడి వచ్చేసిందంటే గుత్తిని విప్పి చూడండి. లోపల కాడ గోధుమరంగుకు తిరిగి మెత్తగా ఉంటుంది, దాని చుట్టూ బూడిద రంగు నూగు. తాకితే పొగలా లేస్తుంది. ఆ లేచినవే బూజు బీజాలు. మీరు చూసే సమయానికి పక్క గుత్తుల మీద, మీ చొక్కా మీద, కత్తెర మీద అన్నిటి మీదా పడి ఉంటాయి.

అందుకే చెబుతున్నా, కుళ్లింది కోసేసి మిగతాది దాచుకోవద్దు. కంటికి కనబడేది చివరి దశ. శుభ్రంగా కనిపించే గుత్తిలో కూడా మొదలై ఉంటుంది, ఎండబెట్టేటప్పుడు మొదటి రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది, లేదా బయటపడకుండానే సీసాలోకి వెళుతుంది. కాలిస్తే చచ్చిపోతుందనే మాట నమ్మకండి, పొగతో పాటు బీజాలూ లోపలికి పోతాయి. కుళ్లు పట్టిన ద్రాక్ష కోసే కూలీలకు ఊపిరితిత్తుల జబ్బు రావడం, దానికి ఈ బోట్రైటిసే కారణం కావడం వైద్యులు ఎప్పుడో రాసి పెట్టారు. తేమలో నిల్వ చేసిన సరుకులో పెరిగే ఆస్పర్జిల్లస్ అనే మరో బూజు ఇంకా ప్రమాదం. ఉబ్బసం ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు దాన్ని పీలిస్తే ప్రాణం మీదికే రావచ్చు.

ఇక ఆ 50 గ్రాముల సంగతి. మూడు మొక్కలు సరిగ్గా పెరిగితే చట్టం ఒప్పుకునే దానికంటే ఎక్కువే చేతికి రావచ్చు. మిగిలింది అమ్మకూడదు, స్నేహితుడికి ఊరికే ఇవ్వడం కూడా నేరమే, పారేయాల్సిందే. అలాంటప్పుడు బూజు పట్టిన మొక్కలో ఐదారు గ్రాములు మిగుల్చుకోవాలని ఎందుకీ తాపత్రయం? మూడు నెలలు నీళ్లు పోసి పెంచిన ప్రేమ అని నాకు తెలుసు. అయినా సరే, పారేయండి.

కుండీలు ఎక్కడ పెట్టాలి అంటే, పైన చూరు ఉండి రెండు వైపులా గాలి ఆడే చోట. పొద్దుటి ఎండ తగిలే వైపు మంచిది, రాత్రి మంచు త్వరగా ఆరిపోతుంది. మధ్యాహ్నం దాకా నీడగా ఉండే బాల్కనీ అయితే మొక్క బాగానే పెరుగుతుంది, పూత దశలో మోసం చేస్తుంది. కుండీకీ కుండీకీ మధ్య మనిషి చెయ్యి సులువుగా పట్టాలి.

నీళ్లు పొద్దున్నే, మట్టికి మాత్రమే. సాయంత్రం పోస్తే రాత్రంతా కుండీ చుట్టూ తేమ నిలుస్తుంది. పూత వచ్చాక ఆకుల మీద ఏ మందూ, వేపనూనె కూడా కొట్టకండి, అది మీ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. వాన పడితే కాడ పట్టుకుని మెల్లగా దులపండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తా.

లోపల నీడలో ఉన్న చిన్న ఆకులు, మట్టికి తగిలే ఆకులు తీసేయండి, మొక్క పొడిగా ఉన్నప్పుడే.

గుత్తుల్లో నల్లటి రెట్టలు కనిపిస్తే గొంగళి పురుగు ఉన్నట్టే. అది కొరికిన చోటే కుళ్లు మొదలవుతుంది. వెతికి తీయండి.

మూడు రోజులు ఎడతెగని వాన అని చెబితే, పక్వానికి వచ్చిన మొక్కను వానకు ముందే కోయండి. ఇంకో వారం ఆగితే బరువు పెరుగుతుందని ఆగకండి.

కుళ్లు కనిపించిన మొక్కను గదిలోకి తేవద్దు. అక్కడే పెద్ద కవరు తొడిగి, మూతి బిగించి, మామూలు చెత్తడబ్బాలో వేయండి. మాస్కు పెట్టుకోండి. కత్తెర స్పిరిట్‌తో తుడవండి.

ఆరబెట్టడం బాత్రూంలో వద్దు, వంటగదిలో వద్దు, చెమ్మగా ఉండే కెల్లర్‌లో (నేలమాళిగలో) అసలే వద్దు. 18 నుంచి 20 డిగ్రీలు, తేమ 60 శాతం లోపు. తేమ కొలిచే హైగ్రోమీటర్ కొనండి, పది యూరోల వస్తువు.

కాడ వంచితే టక్కుమని విరగాలి. వంగిపోతుంటే సీసాలో పెట్టకండి.

సీసాలో తేమ 65 శాతం దాటితే వెంటనే బయట పరచండి. మూత తీయగానే తడి గడ్డి వాసనో, పాత గోనెసంచి వాసనో వస్తే వాసన చూస్తూ నిలబడకండి, పారేయండి.

మొక్కా సీసా పిల్లల చేతికి, బయటివాళ్ల చేతికి అందకుండా పెట్టాలి. ఇది సలహా కాదు, చట్టం.

ఇండియా వెళ్లే బ్యాగులో ఆకు కాదు కదా, పొడి అంటిన గ్రైండర్ (గంజాయి నలిపే చిన్న డబ్బా) కూడా ఉండకూడదు. ఊరికి విత్తనాలు పంపి పెరట్లో వేయించే ఆలోచన మానుకోండి, ఇండియాలోని మాదక ద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగారం.

కుళ్లింది కోసేసి మిగతాది దాచుకోవద్దు. కడిగినా వద్దు, ఓవెన్‌లో పెట్టినా వద్దు, వెన్నలో మరిగించినా వద్దు.

ఇప్పటికే అలాంటిది తాగి ఉండి, దగ్గు తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లి జలుబు అని చెప్పకండి. బూజు పట్టిన గంజాయి తాగానని ఆ మాటే చెప్పండి. డాక్టర్ మీ మాట పోలీసులకు చేరవేయడు, అది చెప్పకపోతే మాత్రం ఏ పరీక్ష చేయాలో ఆయనకు తట్టదు.