పీజో బిళ్ల మీద బరువు పెడితే ఎంత విద్యుత్తు వస్తుంది?

1880లో క్యూరీ సోదరులు గుర్తించిన పీజో ధర్మాన్ని, అంటే కొన్ని పదార్థాలను నొక్కితే విద్యుదావేశం పుట్టే గుణాన్ని, లెక్కగట్టడానికి ముందుగా బలం తెలియాలి. 50 కిలోల మొలగొలుకుల బియ్యం బస్తాను పీజో బిళ్ల మీద మోపామనుకుంటే, ఆ బరువును గురుత్వ త్వరణం 9.8తో గుణించగా 490 న్యూటన్ల బలం వస్తుంది. బస్తా అడుగున చిన్న చెక్కముక్క పెట్టి, బరువంతా బిళ్ల మీదుగానే దిగేలా చూడాలి, లేకపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఒక్కో న్యూటన్‌కు సుమారు 400 పికోకూలుంబుల ఆవేశం ఇచ్చే పీజెడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్) పింగాణీ అయితే మొత్తం 196 నానోకూలుంబులు పుడతాయి. నెల్లూరు జిల్లా సైదాపురం వైపు గనుల్లో దొరికే క్వార్ట్జ్ జాతి స్ఫటికాన్ని సరైన దిశలో కోసి వాడినా న్యూటన్‌కు 2.3 పికోకూలుంబులే వస్తాయి కాబట్టి దానితో దీపం వెలిగించాలన్న ఆశ వద్దు.

పీజెడ్‌టీ ఇచ్చిన ఈ ఆవేశాన్ని బిళ్ల కెపాసిటెన్స్‌తో (ఆవేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యంతో), అది 20 నానోఫారడ్లనుకుంటే దానితో, భాగిస్తే 9.8 వోల్టులు. చూడటానికి ఘనంగానే ఉంది గాని, ఆవేశాన్ని వోల్టేజితో గుణించి సగం చేస్తే శక్తి ఒక మైక్రోజౌలుకు కాస్త తక్కువే: 20 మిల్లీవాట్ల ఎల్‌ఈడీని సెకనులో 20 వేలవ వంతు కూడా వెలిగించదు.

కొలిచేటప్పుడు 10 మెగాఓమ్‌ల లోపలి నిరోధం ఉన్న మల్టీమీటరు తగిలిస్తే, ఆవేశం దాని గుండా కారిపోయి, బస్తా కదలకపోయినా 0.2 సెకన్లలో వోల్టేజి మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. అంకె కనిపించేలోపే జారిపోతుంది గనుక వోల్టేజి క్షణక్షణం మారే తీరును గీతగా చూపే ఆసిల్లోస్కోపు వాడటమే మేలు. బస్తా ఎత్తినప్పుడు వ్యతిరేక దిశలో మరో పల్స్ వస్తుంది, అందువల్ల సేకరణకు రెండు దిశల పల్స్‌లనూ ఒకే దిశకు తిప్పే బ్రిడ్జి రెక్టిఫయరు పెట్టాలి.