నూతి గోడ చదవడం ఎలా: హమదా మేష్టారి పద్ధతి, మా వంశధార ఒడ్డున

మా కాశీనగర్ వైపు ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరు నుయ్యి తవ్విస్తారు. నాలుగడుగులు దిగేసరికి చిల్లపెంకులు పడతాయి. కూలీలు తట్టలకెత్తి గట్టున పోస్తారు, ఆనక ఒరలు దింపేస్తారు. ఈలోగా మీకు దొరికేది ఒక్క పూట. ఆ పూటలో నూతి గోడలోని మట్టి పొరలు చూసి, ఏది ముందో ఏది వెనకో ఎలా తెలుసుకోవచ్చో చెబుతాను. నేనేమీ ఆర్కియాలజీ చదివినవాణ్ణి కాదు. 31 ఏళ్లు ఆమిన్‌గా పొలాలు కొలిచాను. కొలత నాది, పద్ధతి హమదా కోసాకు అనే జపాన్ మేష్టారిది. మా మేనల్లుడు భువనేశ్వర్‌లో చదువుకుంటూ ఆయన గురించి చెప్పాడు.

హమదా 1881లో ఒసాకా దగ్గర కిషివాదలో పుట్టారు. టోక్యోలో చదివింది పాశ్చాత్య చరిత్ర, మనసంతా కళాచరిత్ర మీద. 1913లో యూరప్ వెళ్లి, లండన్‌లో ఫ్లిండర్స్ పెట్రీ దగ్గర పని నేర్చుకున్నారు. ఈజిప్టు సమాధుల్లో రాత లేకపోయినా, కుండల ఆకారం మారిన తీరును బట్టి ఏది ముందో ఏది వెనకో వరస కట్టిన మనిషి ఆ పెట్రీ. హమదా తిరిగొచ్చేసరికి 1916. ఆ ఏడే క్యోటో యూనివర్సిటీలో జపాన్ మొత్తానికి మొదటి ఆర్కియాలజీ పీఠం పెట్టారు, దాన్ని ఆయన చేతిలో పెట్టారు.

నాకు పనికొచ్చిన కథ ఇబుసుకిది. క్యుషు దీవికి దక్షిణం కొసన, అగ్నిపర్వతం పక్క ఊరు. అక్కడ హషిమురెగవ అనే చోట ఒక బడిపిల్లాడు పెంకులు ఏరాడు. జోమోన్, యాయోయ్ అని జపాన్‌లో పాతకాలపు కుండలు రెండు రకాలు. ఆ పెంకుల్లో రెండూ ఉన్నాయి. అప్పట్లో పెద్ద తగువు: ఈ రెండూ ఒకే కాలంలో బతికిన రెండు జాతులవా, లేక ఒకదాని తర్వాత ఒకటి వచ్చినవా? హమదా 1918, 1919లలో అక్కడ తవ్వించారు. మధ్యలో అగ్నిపర్వతపు బూడిద పొర. దాని కింద జోమోన్, పైన యాయోయ్. అంటే కిందది ముందు, పైది తర్వాత. తగువు తీర్చింది బంగారమూ కాదు, శాసనమూ కాదు, మధ్యలో ఉన్న ఉత్త బూడిద. వాళ్లకు బూడిద ఉంటే మనకు వంశధార వరద ఇసుక ఉంది.

ఇక పని. పొద్దున్నే వెళ్లండి, ఎండ నడినెత్తికి వస్తే రంగులు తేలవు. ఒరలు లేని నూతిలోకి ఛాతీ లోతు దాటి దిగొద్దు. ఇసుక నేల చెప్పాపెట్టకుండా కూలుతుంది. పై నాలుగడుగులు చాలు. మేస్త్రీ దగ్గర తాపీ అడిగి తీసుకుని, గునపం గాట్లు పోయేలా గోడను రెండడుగుల వెడల్పున నున్నగా గీకండి. చెంబుతో నీళ్లు చిలకరించండి. అప్పుడు చూడాలి దాని అందం! మా బావమరిది నూతిలో పైన జానెడు నల్లమట్టి, దాని కింద పసుపు ఇసుక, ఆ కింద బూడిదరంగు పాటిమన్ను, మళ్లీ ఇసుక. ఎరుపు నలుపు కలిసిన పెంకులు ఆ పాటిమన్నులోనే ఉన్నాయి, పై ఇసుకలో ఒక్కటీ లేదు. అంటే వరద రాకముందు అక్కడ మనుషులున్నారు. ఎన్నేళ్ల కిందట అని అడక్కండి. గోడ వరస చెబుతుంది, సంవత్సరం చెప్పదు.

దారానికి గుండు కట్టి గోడ మీదుగా వేలాడదీయండి. పక్కన టేపు పెట్టి ఒక్కో పొర పైఅంచూ కిందిఅంచూ కొలిచి గ్రాఫ్ కాగితం మీద గీయండి. పొరలకు నంబర్లు పైనుంచి వెయ్యండి. ఫొటో కూడా తియ్యండి గానీ ఫొటో ఉంది కదా అని గీయడం మానొద్దు. గీస్తేనే కన్ను ఆగుతుంది.

మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని: దొరికిన పెంకులన్నీ ఒకే యూరియా సంచిలో వేశాను. ఇంటికొచ్చి వాకిట్లో పోస్తే ఏది ఏ పొరదో దేవుడికే తెలియాలి. మా ఆవిడ "ఈ పెంకులతో పొయ్యి కట్టమంటారా?" అంది. పొరకో సంచి పెట్టండి. గట్టున పోసిన మట్టిలోంచి ఏరినవి వేరే సంచి, దాని మీద "గట్టు" అని రాయండి. బ్రష్షుతో రుద్ది కడగొద్దు, పైపూత పోతుంది.

ఇంకో తిరకాసు ఎలక కన్నం. నాలుగడుగుల లోతులో పాత పెంకు పక్కనే గుట్కా ప్యాకెట్ కనిపించి కూలీలంతా నవ్వారు. "అప్పట్లోనూ నమిలేవాళ్లా ఆమిన్ బాబూ?" అన్నాడొకడు. గోడను జాగ్రత్తగా చూస్తే పైమట్టి రంగు కిందికి గొట్టంలా దిగి ఉంది. అలాంటి చోట దొరికినవి లెక్కలోకి తీసుకోకండి.

పెంకుల కోసమని సొంతంగా తవ్వడం మొదలెట్టకండి. నాణేలో నగలో పడితే ఇంటికి తీసుకుపోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. పది రూపాయల విలువ దాటిందంటే కలెక్టరుకు తెలియజేయాలి.

రాసింది పెట్టెలో దాచుకోవడం కూడా తప్పే. క్యోటో వాళ్లు 1917 నుంచే తవ్వకాల నివేదికలు అచ్చేశారు. హమదా 1922లో విద్యార్థుల కోసం ఆర్కియాలజీ మీద పాఠ్యగ్రంథం రాశారు, 1937లో అదే యూనివర్సిటీకి అధ్యక్షులయ్యారు, మరుసటి జులైలో పదవిలో ఉండగానే 57 ఏళ్లకు పోయారు. మనకు అంత అక్కర్లేదు. గీసిన కాగితానికి రెండు జిరాక్సులు తీయించి ఒకటి బడికి, ఒకటి పొలం ఆసామికి ఇవ్వండి.

సంచి లోపల చీటీ, బయట చీటీ రెండూ ఉండాలి: ఊరు, ప్లాట్ నంబరు, పొర నంబరు, లోతు, తేదీ. పెన్సిల్‌తోనే రాయండి. నా మొదటి చీటీలు బాల్‌పెన్నువి, శ్రావణం దాటేసరికి నీలి మరకలు తప్ప ఏమీ మిగల్లేదు.