ఫ్యామిలీతో ఆర్‌వీ క్యాంపింగ్: ముందు స్టైల్ తేల్చుకోండి, తర్వాత ప్లేస్

అమెరికాలో ఆర్‌వీ అంటే లోపలే వండుకుని పడుకునే బండి, సొంత ఇంజిన్ ఉన్న మోటర్‌హోమ్ అయినా, కార్ వెనక తగిలించే ట్రైలర్ అయినా. ఆర్‌వీ ట్రిప్ అనగానే ఇంట్లో అందరం మ్యాప్ ముందేసుకుని కూర్చుంటాం, ఎల్లోస్టోన్ అని ఒకరు, యోసెమిటీ అని ఒకరు, గ్రాండ్ క్యాన్యన్ అని ఇంకొకరు. మేమూ మొదటిసారి అలాగే ప్లేస్ ఫిక్స్ చేసేసి మిగతావి తర్వాత చూసుకుందాంలే అనుకున్నాం. జూలై నెల, ఒక నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్, సైట్‌లో కరెంట్ కనెక్షన్ లేదు, మధ్యాహ్నం 2 కొట్టగానే జనరేటర్ ఆపేయాలి, ఆపేశాం. పావుగంటకే బండి లోపల ఉక్కపోత, మా చిన్నది ఎర్రబడిన బుగ్గలతో తడి టవల్ మెడకి చుట్టుకుని డోర్ దగ్గర మెట్టు మీద కూర్చుంది. పార్క్ వాళ్ళ తప్పేం లేదు, రూల్ ముందే రాసి ఉంది, మేమే మా ఇంటికి ఎలాంటి క్యాంపింగ్ సరిపోతుందో ఆలోచించకుండా వెళ్ళిపోయాం. అప్పట్నుంచీ ముందు స్టైల్ తేల్చుకుంటాం, ఆ తర్వాతే ప్లేస్.

స్టైల్ తేలాలంటే మూడు సంగతులు ఇంట్లో మాట్లాడుకోండి చాలు. కరెంట్ లేకుండా మీవాళ్ళు ఎన్ని గంటలు ఉండగలరు, నీళ్ళు ఎంత పొదుపుగా వాడగలరు, ఒకేచోట మూడు నాలుగు రోజులు ఉంటే హాయిగా ఉంటారా లేక రోజుకో ఊరు తిరిగితేనే సరదానా.

మొదటి ట్రిప్ అయినా, పసిపిల్లలో పెద్దవాళ్ళో కూడా వస్తున్నా, ఫుల్ హుకప్ ఉన్న ఆర్‌వీ పార్క్ చూసుకోండి. కరెంట్, నీళ్ళు, డ్రెయిన్ కనెక్షన్ మూడూ సైట్‌లోనే ఉంటాయి, చాలాచోట్ల లాండ్రీ, స్విమ్మింగ్ పూల్ కూడా. ఇది అసలు క్యాంపింగే కాదు అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట పట్టించుకోకండి, బండి అలవాటయ్యే వరకు ఇదే మంచిది. బుక్ చేసేటప్పుడు 30 ఆంప్సా 50 ఆంప్సా అన్నది మాత్రం చూడండి. 30 ఆంప్స్ అంటే 120 వోల్ట్స్ మీద 3600 వాట్స్, ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టి హెయిర్ డ్రయ్యర్ కూడా ఆన్ చేశారంటే బ్రేకర్ పడిపోతుంది. రెండు ఏసీలున్న పెద్ద బండికి 50 కావాల్సిందే. ఇబ్బందల్లా సైట్లు పక్కపక్కనే ఉంటాయి, అడవిలో ఉన్న ఫీలింగ్ రాదు.

అడవి కావాలంటే నేషనల్ పార్కులు, కానీ వాటి లోపల హుకప్స్ బాగా తక్కువ. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్స్‌లో అసలు లేవు, జనరేటర్ కూడా పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7, అంతే. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ క్యాంప్‌గ్రౌండ్స్‌లో షవర్లు కూడా ఉండవు. పార్క్ లోపలే ఉండాలి, హుకప్సూ కావాలి అంటే గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్ ఉంది, ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ ఉంది. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు, టెంట్లు, గుడ్డ గోడల పాప్‌అప్ ట్రైలర్లు కుదరవు, ఎందుకంటే అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఆర్‌వీ పార్క్‌కీ నేషనల్ పార్క్‌కీ మధ్యస్తంగా కావాలనుకునేవాళ్ళకి నేను స్టేట్ పార్కులే చెప్తాను, చాలావాటిలో సైట్‌లో కరెంటు, నీళ్ళు ఇస్తారు, వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో వాడిన నీళ్ళ ట్యాంకులు ఖాళీ చేసుకోవచ్చు, చెట్లూ ఉంటాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుకోవడానికి చోటూ ఉంటుంది.

ఇక్కడ బండి పొడవు గురించి గట్టిగా చెప్పాలి. పాత పార్కుల్లో సైట్లు చిన్న బండ్లని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. రెంటల్ పేపర్‌లో 25 అడుగులు అని ఉందని మేము అదే రాసి బుక్ చేశాం, బయల్దేరే ముందు రోజు అనుమానం వచ్చి టేపు పెట్టి ముందు బంపర్ నుంచి వెనక సైకిల్ ర్యాక్ చివరిదాకా కొలిస్తే 28 దాటింది, అప్పటికప్పుడు సైట్ మార్చుకోవాల్సి వచ్చింది. రోడ్ల మీద కూడా ఇదే లెక్క. గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్ ఉంది కదా, అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ వరకు 21 అడుగులు దాటిన బండిని వెళ్ళనివ్వరు, ఆ కొలతలో బంపర్లు కూడా కలుస్తాయి. అలాంటి చోటుకి చిన్న క్యాంపర్ వ్యాన్ తీసుకెళ్ళండి, లేదా ట్రైలర్‌ని క్యాంప్‌లో వదిలి కార్లో తిరగండి.

బండి, పిల్లలు రెండూ అలవాటయ్యాక బూన్‌డాకింగ్ ట్రై చేయండి, అంటే ఏ కనెక్షనూ లేకుండా ఉండటం. బీఎల్‌ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చూసుకునే ప్రభుత్వ భూముల్లో, నేషనల్ ఫారెస్టుల్లో చాలాచోట్ల ఫ్రీగా ఉండొచ్చు, మామూలుగా 14 రోజుల వరకు, ఆ తర్వాత వేరే చోటుకి కదలాలి. రాత్రి ఆకాశం చూడాలంటే దీనికి మించింది లేదు. కానీ నీళ్ళే మొత్తం కథ. 40 గ్యాలన్ల ట్యాంక్‌ని నలుగురం ఇంట్లోలాగా వాడితే ఒకటిన్నర రోజుకే అయిపోయింది, అదే గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచేసి తర్వాత టబ్‌లో కడిగితే, స్నానాలు తడిపి ఆపి మళ్ళీ తిప్పే పద్ధతిలో చేస్తే, మూడు రోజులు వచ్చింది. తాగే నీళ్ళు వేరే క్యాన్లలో పెట్టుకోండి. తిరిగొచ్చి ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్ ట్యాంక్, అంటే టాయిలెట్‌ది, ఆ తర్వాత సింకు, షవర్ నీళ్ళుండే గ్రే ట్యాంక్, అప్పుడు గ్రే నీళ్ళకి పైపు కూడా కాస్త కడుక్కుపోతుంది.

రోజుకో చోటు తిరిగే స్టైల్ నాకైతే పిల్లలతో అంతగా నచ్చలేదు, రోజూ సర్దడం, విప్పడంతోనే సరిపోతుంది. ఎక్కువ చోట్లు చూడక తప్పదంటే ఆర్‌వీ వాళ్ళు చెప్పుకునే 3-3-3 లెక్క పాటించండి, రోజుకి 300 మైళ్ళు దాటకుండా, మధ్యాహ్నం 3 లోపు చేరేలా, ఒక్కోచోట కనీసం 3 రోజులు ఉండేలా. చీకట్లో రివర్స్ చేసి సైట్‌లో పెట్టడం ఎంత కష్టమో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి, పిల్లల కార్ సీట్‌ని పక్కకి తిరిగిన సీట్ మీద పెట్టకూడదు, మోటర్‌హోమ్ రెంట్‌కి తీసుకునే ముందే ముందుకి తిరిగి సీట్‌బెల్ట్ ఉన్న సీట్లు ఎన్నున్నాయో అడగండి. ట్రైలర్ కదులుతుండగా లోపల ఎవరూ కూర్చోకూడదు.

ఇప్పుడు ప్లేస్. ఎండాకాలం అయితే ఎత్తు చూసుకోండి, 1000 అడుగులు పైకి వెళ్తే సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గుతుంది, హుకప్ లేని సైట్‌కి ఇదే ఏసీ. ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్స్ చాలావరకు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు బుకింగ్‌కి ఓపెన్ అవుతాయి, పేరున్నవి నిమిషాల్లో అయిపోతాయి, అందుకే రెండో ఆప్షన్, మూడో ఆప్షన్ రాసిపెట్టుకుని కూర్చోండి. నాలుగో క్లాస్ చదివే పిల్లలుంటే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాస్‌తో నేషనల్ పార్కుల్లో ఎంట్రీ ఫ్రీ, క్యాంపింగ్ ఫీజు మాత్రం వేరే కట్టాలి. ఇంక సైట్ నంబర్ నొక్కేముందు ఫొటోలు తెరిచి పడమర వైపు చెట్టుందా, బాత్రూమ్‌కి పిల్లలు రాత్రిపూట నడిచేంత దూరమేనా, సైట్ వెనక వాగు గానీ రోడ్డు గానీ ఉందా, ఈ మూడూ చూసుకుని అప్పుడు బుక్ చేయండి.