స్నానం చేసి వస్తే తల తిరుగుతోందా? గీజరు పొగ ఎటు పోతోందో చూడండి

స్నానానికి వెళ్లిన మనిషి తల దిమ్ముగా ఉందంటూ బయటికి వస్తాడు. కడుపులో తిప్పుతుంది, కాళ్లు తేలిపోతాయి. హాల్లో కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. మర్నాడు స్నానం వేళకు మళ్లీ అదే. ఇంట్లోవాళ్లు బీపీ అంటారు, పైత్యం అంటారు. గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో ఇలా జరిగితే ముందు గీజరు ఆపండి. జ్వరం లేకుండా ఇద్దరికి ఒకేసారి వస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే అనుకోండి.

వాసన రాలేదు కదా అనకండి. సిలిండరు గ్యాసుకు వాసన కలుపుతారు. అది సరిగా మండకపోతే పుట్టే ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఆ తేడా పోల్చుకోలేదు, 98 చూపిస్తూనే ఉంటుంది.

గీజరు స్నానాల గదిలోనే ఉంటే ఇక వెతకక్కర్లేదు, బయటికి మార్పించండి. మార్చేదాకా తలుపూ కిటికీ తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసి, గది గాలి మారాక స్నానానికి వెళ్లండి.

గీజర్లు బాగుచేసే నన్ను మోసం చేసింది మాత్రం బయట పెట్టిన గీజరు. విశాఖ పెదవాల్తేరులో ఒక ఫ్లాటుకు రెండుసార్లు వెళ్లాను. బర్నరు శుభ్రం చేశాను, మంట నీలంగానే ఉంది. అయినా ఆ ఇంటావిడకు తల తిరగడం ఆగలేదు. మూడోసారి అడిగాను: "అమ్మా, మీరు స్నానం చేసేటప్పుడు ఈ అద్దాలు ఎలా ఉంటాయి?" సముద్రపు గాలికి, వాన జల్లుకు తాళలేక వెనక బాల్కనీకి జరిపే అద్దాలు బిగించుకున్నారు. ఎప్పుడూ మూసే ఉంచుతారు. నేను వెళ్లినప్పుడల్లా తెరిచి పని చేశాను! ఈసారి మూసి వెలిగించి, ఇంట్లోవాళ్లను దూరంగా ఉంచి, తలుపు అద్దంలోంచి చూశాను. కొన్ని నిమిషాలకు నీలం మంట పసుపు తిరిగింది. బాల్కనీలో ఆక్సిజన్ తగ్గింది, పొగకు దారి లేదు. స్నానాల గది వెంటిలేటరు ఆ బాల్కనీలోకే ఉంది, లోపలి ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటికి తోస్తూ ఆ విషాన్నంతా వెంటిలేటరు గుండా లోపలికి లాగుతోంది.

ఒక అద్దం శాశ్వతంగా తీయించి జాలీ పెట్టించాను, పొగగొట్టం బయటి గోడ దాటించాను, ఆ వెంటిలేటరు మూయించాను. తర్వాత మళ్లీ ఆ బాధ రాలేదు. మీ ఇంట్లోనూ స్నానం వేళ తలుపులు, అద్దాలు ఎలా ఉంటాయో మెకానిక్‌కు అలాగే చూపించండి.

మంట మొదటి నుంచే పసుపుగా ఉన్నా, గీజరు పైన మసి పట్టినా ఎక్కువగా బర్నరు తుప్పో, మురికో కారణం. ఉప్పు గాలి తగిలే మన ఊళ్లో ఏటా సర్వీసు తప్పదు. పొగగొట్టంలో పిట్టగూడు అరుదు, ఒకసారి తొంగి చూస్తే చాలు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత లాగా కరెంటు పోయినప్పుడు జనరేటరు బాల్కనీలో పెట్టకండి. అరకు చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు మూయకండి.

గ్యాస్ లీకు అలారం దీన్ని పసిగట్టదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే కొనాలి.

ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి, గీజరు ఆపి, వెంటనే ఆరుబయటికి తెచ్చి 108కి ఫోను చేయండి. ఆస్పత్రిలో మొదటి మాటగా గ్యాస్ గీజరు సంగతి చెప్పండి, ఈ విషవాయువు రక్తంలో ఎంత చేరిందో చెప్పే కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడగండి.