ఇంట్లో డయాలసిస్ పాఠాలు – 3: ఫిస్టులా చెయ్యి చూడటం

పోయిన పాఠంలో మిషన్ సంగతి చూశాం. ఎర్ర క్లిప్పు గొట్టంలోంచి రక్తం బయటికొచ్చి, డయలైజర్‌లోని సన్నటి పోగుల్లో శుభ్రపడి, నీలం క్లిప్పు గొట్టంలోంచి ఒంట్లోకి తిరిగొస్తుంది. ఏ క్షణాన చూసినా బయట ఉండేది ఓ గ్లాసుడు రక్తమే. కానీ పంపు నిమిషానికి 250, 300 మిల్లీలీటర్లు లాగుతుంది. మామూలు చేతి సిర అంత ఇవ్వలేదు. అందుకే చేతిలో ధమనిని సిరకు కలిపి కుడతారు, ఆ కలయికే ఫిస్టులా. ధమని వేగానికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, సూదులకు తట్టుకునేంత గట్టిపడుతుంది. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషియా, చిమినో బృందం ప్రకటించిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు.

ఇక మీ పని. పొద్దున లేవగానే మూడు వేళ్లు కుట్టు మచ్చ మీద తేలిగ్గా ఆనించండి. నొక్కొద్దు, నొక్కితే ఏమీ తెలియదు. మిక్సీ తిరుగుతున్నప్పుడు గట్టు మీద చెయ్యి పెడితే తెలుస్తుందే, అలాంటి సన్నటి అదురు ఆగకుండా తగలాలి. వార్డులో దీన్నే థ్రిల్ అంటారు. వేళ్లను మెల్లగా మోచేతి వైపు జరపండి, అదురు కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది. తర్వాత చెయ్యి చెవికి ఆనించుకోండి. శంఖంలో వినిపించేలాంటి హోరు, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త పెరుగుతూ ఉండాలి.

అదురు పోయి నాడిలా టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ముందెక్కడో దారి ఇరుకైందేమోనని అనుమానించి, డాక్టరుకు చెప్పండి. అదురూ హోరూ రెండూ లేకపోతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు డయాలసిస్ రోజు వచ్చేదాకా ఆగొద్దు, ఆ గంటలోనే బయల్దేరండి. మా దగ్గరికి వచ్చే జీడితోట పెద్దాయనకు సాయంత్రమే తెలిసింది. ఎల్లుండి ఎలాగూ వెళ్తాం కదా అనుకున్నాడు. అప్పటికి ఫిస్టులా మూసుకుపోయింది, మెడలో క్యాథెటర్ అనే గొట్టం వేయాల్సొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని ఆయన కూర్చున్న తీరు నేను మరవలేను.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు. ఏ ఆసుపత్రిలోనైనా సరే, “సిస్టర్, ఈ చెయ్యి కాదు” అని గట్టిగా చెప్పండి. బిగుతు గాజులు, వాచీ, నీళ్ల బిందె మోయడం, ఆ చెయ్యి కిందేసుకుని పడుకోవడం మానాలి.

ఈ వారం అభ్యాసం: పేషెంటుతో పాటు ఇంట్లో ఇంకొకరు కూడా రోజూ తాకి చూడండి. క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన టిక్కు పెట్టండి. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతే అదురు బలహీనపడుతుంది కాబట్టి ఆ పూట మరోసారి చూడండి. వచ్చే పాఠంలో బరువు, నీళ్ల లెక్క.